ఏటికొండ మీది ఉసిరిచెట్టు

పెళ్ళయిన ఇరవయ్యారేళ్ళలో పద్మిని అత్తగారితో ఆడిన అబద్ధాలు గట్టిగా చూస్తే పది కూడా దాటవు. చీర పాతదేననీ, పాలు పొంగలేదనీ చెప్పినవి ఆ పూటకాపూటే పోయాయి. ఒక్కటి మాత్రం అరవై అడుగుల ఎత్తున, ఏటికొండ మీద, వేళ్ళు తన్నుకుని నిలబడి ఉంది.

పోర్ట్ బ్లెయిర్‌లోని చాతం జెట్టీలో ఫెర్రీ ఎక్కి బాంబూఫ్లాట్‌లో దిగి, ఆటోలో పావుగంట పోతే ఆ ఏరు వస్తుంది. మ్యాపులో దాన్ని క్రీక్ అని రాస్తారు, బజార్లో నాలా అంటారు. సముద్రం రోజుకి రెండుసార్లు అందులోకొచ్చి పోతుంది కనక నీళ్ళు నోట పెట్టలేం. అయినా తెలుగువాళ్ళు దాన్ని ఏరనే పిలుస్తారు, పక్కనున్న అడవిగుట్టని ఏటికొండ అంటారు. ఒకప్పుడు కట్టెలకి వెళ్ళేవాళ్ళూ, కార్తీకంలో తెలుగువాళ్ళూ తప్ప ఆ కొండ ఎవరూ ఎక్కేవారు కాదు. ఇప్పుడు మెట్లు కట్టారు, బెంచీలు వేశారు, ఏటివైపు చెక్కతో ఒక అరుగులాంటిది కట్టి ‘మొసళ్ళున్నాయి, దిగరాదు’ అని బోర్డు పెట్టారు. ఆదివారమైతే పట్నం పట్నమంతా అక్కడే. మొసలి ఇంతవరకూ ఎవరికీ కనబడలేదు గాని, ఆ బోర్డు పక్కన నిలబడి ఫొటో దిగనివాళ్ళు పోర్ట్ బ్లెయిర్‌లో లేరు.

అబద్ధం పుట్టినప్పుడు ఈ మెట్లూ బోర్డులూ ఏమీ లేవు. పద్మిని కాకినాడ నుంచి కొత్తకోడలిగా హాడోలోని పోర్టు క్వార్టర్సుకి వచ్చి మూడు నెలలు. భర్త బాబ్జీ పోర్టులో పనిచేస్తాడు. అత్తగారు కాసులమ్మ దీవిలోనే పుట్టి పెరిగిన మనిషి. ఏటా కార్తీక వనభోజనాలు మిన్నీ బేలో ఎవరిదో పెరట్లోని ఉసిరిచెట్టు కింద జరిగేవి. ఆ ఏడు గాలివానకి ఆ చెట్టు కాస్తా పడిపోయింది. ఇంత అడవి పెట్టుకుని ఒక్క ఉసిరిచెట్టు దొరకదా అని ఎవరో అన్నారు. నలభైమందీ గుండిగలు నెత్తిన పెట్టుకుని కొండెక్కారు.

పదింటికి మొదలెట్టిన వెతుకులాట ఒంటిగంటన్నరకీ తేలలేదు. మబ్బు పట్టింది. పిల్లలు ఏడుస్తున్నారు. పులిహోర చల్లారి గట్టిపడుతోంది. ముందురోజు నుంచీ ఉపవాసం ఉన్న కాసులమ్మ, ఉసిరి నీడన తప్ప మెతుకు ముట్టనని ఒక బండ మీద కూలబడి కళ్ళు మూసుకుంది. అప్పుడెవరో గుర్తుచేశారు, కొత్తకోడలు బి.ఎస్సీ బాటనీ అని. నలభైమందీ ఆమెవైపు తిరిగారు.

ఎదురుగా ఒక పెద్ద చెట్టుంది. మొదటి కొమ్మే నలభై అడుగుల పైన. ఆ పైనున్నది ఏ ఆకో చెప్పాలంటే కాకి అయినా అయ్యుండాలి, బాటనీ అయినా చదివుండాలి. కాకి చెప్పదు. పద్మిని కిందపడ్డ ఈనె ఒకటి తీసి చూసింది. రెండు వరసల్లో చిన్నచిన్న ఆకులు. దిరిసెన అని ఒక్క చూపులోనే తెలిసింది. అత్తగారి మొహం చూసింది. పిల్లల మొహాలు చూసింది. ఆకుని వేళ్ళ మధ్య నలిపేసి, “ఉసిరేనండి,” అంది.

ఐదు నిమిషాల్లో విస్తళ్ళు పడ్డాయి.

ఆ తరవాత చెట్టు తన పని తాను చేసుకుపోయింది. మూడు నెలలకి బాబ్జీ ఉద్యోగం పర్మనెంటయింది. మరుసటి ఏడు మధులత పుట్టింది. కాసులమ్మ రెండూ చెట్టు ఖాతాలో వేసేసి, ఏటా దానికి పసుపు రాసి నూటెనిమిది ప్రదక్షిణాలు చేసింది. కాయలెందుకు కాయదని ఎవరైనా అడిగితే, “ఉప్పుగాలండి, ఉసిరికి పడదు,” అని పద్మిని చెప్పేది. వేసవిలో ఆ చెట్టు ఆకులన్నీ రాల్చి, ఎండుకాయలు గలగలలాడిస్తూ నిలబడుతుంది. కాని వేసవిలో మనవాళ్ళు షికారుకి సముద్రపొడ్డుకి పోతారు, కొండకి రారు. తప్పు దిద్దుకుందామని పద్మిని చూడకపోలేదు. చెన్నై ఓడలో వచ్చిన ఉసిరికాయల గింజలు మొలకెత్తించి, నాలుగుసార్లు ఆ చెట్టు మొదట్లో నాటింది. నాలుగుసార్లూ జింకలు తినేశాయి.

ఇదంతా ఇలాగే గడిచిపోయేది. ఈ కార్తీకంలో తెలుగు సంఘం ప్రెసిడెంటు తిరుమలరావు ఇంటికి రాకపోతే.

తిరుమలరావు కాంట్రాక్టరు. ఏ మంచి ఆలోచన వచ్చినా అది ఆయనకి రాయి రూపంలోనే వస్తుంది. టీ తాగుతూ, “చెల్లెమ్మా, నీకో మంచి మాట,” అన్నాడు. “మన ఉసిరిచెట్టుకి కంచె వేయిస్తున్నాం. సిమెంటు గట్టు కుదరదన్నారు ఫారెస్టు ఆఫీసులో, ఇనప కంచెకి ఒప్పుకున్నారు. ముందు శిలాఫలకం. చదువుతాను విను. ‘ఈ పవిత్ర ఉసిరి వృక్షమును గుర్తించినవారు శ్రీమతి పద్మిని, బి.ఎస్సీ, బాటనీ.’ బాటనీ బ్రాకెట్లో.”

పద్మిని ట్రే కింద పెట్టింది. “నా పేరెందుకండి అన్నయ్యగారూ? చెట్టు పేరొక్కటీ చాల్దా?”

“చూశావా కాసులమ్మత్తా, ఎంత అణకువో!”

“మా కోడలంతే,” అంది కాసులమ్మ. “సెప్పుకోదు. మనవే సెప్పాలి.”

“పోనీ వచ్చే ఏడు చూద్దామండి,” అంది పద్మిని.

“ఎక్కడి వచ్చే ఏడమ్మా, రాయి వైజాగ్‌లో ఓడెక్కేసింది. బుధవారం హాడోలో దిగుతుంది. ఆదివారం వనభోజనాల్లో ఆవిష్కరణ.”

ఆ రాత్రి బాబ్జీకి నిజం చెప్పేద్దామనుకుంది. కాని బాబ్జీ కడుపులో మాట ఫెర్రీ ఒడ్డు చేరేదాకా కూడా ఆగదు. అందుకని ఆ ఆలోచన మానేసి, రాయి దిగిన మర్నాడు, గురువారం పొద్దున్నే గోవిందు ఇంటికి వెళ్ళింది. గోవిందు కాసులమ్మ తమ్ముడు. చాతం రంపపు మిల్లులో ముప్పైనాలుగేళ్ళు చేసి రిటైరయ్యాడు. ‘ఓసారి కొండదాకా తోడు రా మావయ్యా’ అంటే, ఎందుకని అడక్కుండా గొడుగు తీసుకుని బయల్దేరాడు.

ఫెర్రీలో ఒక మూల నిలబడి పద్మిని మెల్లగా మొదలెట్టింది. “మావయ్యా, మన ఉసిరిచెట్టు...”

“కొక్కో,” అన్నాడు గోవిందు, నీళ్ళవైపు చూస్తూ.

“ఆఁ?”

“కొక్కో అమ్మా. మీ బుక్కుల్లో దిరిసెనంటారేమో. ఆ బెరడు నాకు తెలీదేటి? ఎన్ని దుంగలు కోసానో.”

పద్మిని గిరుక్కున తిరిగింది. “ఎప్పట్నించి తెలుసు?”

“నువ్వు సెప్పిన రోజునే.”

“మరి చెప్పలేదేం!”

“మా బాగా ఆకలేసింది,” అన్నాడు గోవిందు. “అయినా పడుకోబెట్టిన సెట్టైతే నా డిపార్ట్‌మెంటు. నిలబడ్డ సెట్టు నీది. నీ పనిలో నేనెందుకు వేలెట్టడం?” అన్నాడు.

కొండమీద ఇంకో కష్టం ఎదురుచూస్తోంది. మెట్ల పొడుగునా చెట్లకి కొత్త బోర్డులు కట్టి ఉన్నాయి. పడాక్. గర్జన్. ఒక్కోదానికి హిందీలో, ఇంగ్లీషులో పేరు, కింద ఫోనుతో చూసుకునే నలుపు తెలుపు గళ్ళు. పైనుంచి ఫారెస్టు గార్డు స్వాతి దిగుతోంది. బాంబూఫ్లాట్ తెలుగుపిల్ల, తాతలనాడే వచ్చిన కుటుంబం. తెలుగు మాట్లాడుతుంది గాని చదవడం రాదు.

“నమస్తే ఆంటీ! మార్నింగ్ వాక్‌కా?”

“ఊఁ. ఇవేంటమ్మా, ప్రతి చెట్టుకీనా?”

“హాఁ ఆంటీ. నలభయ్యెనిమిది చెట్లు. ఈరోజు ముప్పైమూడు దాకా అయిపోయాయి. మీ పసుపు చెట్టుది నలభయ్యొకటి.”

“దానికేమని రాశారు?”

స్వాతి సంచీలోంచి ఒక బోర్డు తీసి చూపించింది. కొక్కో. హిందీలోనూ కొక్కోనే, ఇంగ్లీషులోనూ కొక్కోనే.

పద్మిని గొంతు తగ్గించింది. “స్వాతీ, నలభయ్యొకటి ఈ ఆదివారం అయ్యాక కడితే ఏమైనా పోతుందా?”

“శనివారం సాహెబ్ ఇన్స్‌పెక్షన్ ఉంది ఆంటీ. అన్నీ కంప్యూటర్‌లో ఎక్కిపోయాయి. క్యోఁ, ఏమైంది?”

పద్మిని చెప్పింది. ఎవరితోనైనా మొత్తం చెప్పడం అదే మొదటిసారి. నలిపేసిన ఆకు నుంచి ఓడ దిగిన రాయిదాకా చెప్పింది. స్వాతి నవ్వాపుకోవడానికి బోర్డు మొహానికి అడ్డం పెట్టుకుంది. గోవిందు మాత్రం చెట్టు దగ్గరికి పోయి, పాత స్నేహితుణ్ణి పలకరించినట్టు బెరడు మీద రెండుసార్లు తట్టాడు.

“ఆంటీ, అసలు మీకు ఉసిరే కావాలంటే మా నర్సరీలో ఉంది,” అంది స్వాతి. “ఆంవ్లా. ఫ్రీగానే ఇస్తాం. కాని జింకలు...”

“తెలుసు,” అంది పద్మిని. “వాటితో నాకు పాత పరిచయం.”

నర్సరీలో ఇచ్చిన మొక్క జానెడున్నర ఉంది. ఇంటికొచ్చాక దాన్ని వంటింట్లో మజ్జిగ బక్కెట్టు వెనక దాచింది. దాన్ని పెట్టి ఏం చెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు. చెట్టు పక్కనే చప్పుడు చెయ్యకుండా నాటేసి, ‘రాయి ఈ మొక్క గురించేనండి’ అంటే ఎవరైనా నమ్ముతారా అని శుక్రవారమంతా ఆలోచించింది. శనివారానికి తనకే నమ్మకం కుదర్లేదు. ఆదివారం పొద్దున్న మొక్కని ఖాళీ మజ్జిగ బక్కెట్లో పెట్టి, పైన తడిగుడ్డ కప్పి ఫెర్రీ ఎక్కింది.

ఎనభైమంది దాకా వచ్చారు. సంఘంవాళ్ళు కాక, కొండ మీదికి షికారుకొచ్చిన పట్నంవాళ్ళు సరేసరి. కుర్రాళ్ళు సెల్ఫీలు తీసుకుంటున్నారు, ఎవరిదో స్పీకరులో హిందీ పాటలు. చెట్టుకి పసుపు రాశారు. చెట్టు ముందు పట్టుగుడ్డ కప్పిన రాయి, పక్కన కంచెకని తెచ్చిన ఇనప వల చుట్ట. ఆ పసుపుకి మూరెడు పైన, కొత్త తీగతో కట్టిన నలభయ్యొకటో నంబరు బోర్డు.

తిరుమలరావే ముందు చూశాడు. కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని చదివాడు. “కొక్కో?” అన్నాడు. ఆ మాట వరసలో వెనకదాకా పాకింది. అందరూ చదివారు. చదివినవాళ్ళు చదివినట్టే పద్మినివైపు తిరిగారు. ఇరవయ్యారేళ్ళ కిందట తిరిగినట్టే.

“ఏటి, ఏటంట?” అంది కాసులమ్మ. ఆమెకి హిందీ మాట్లాడ్డమే గాని చదవడం రాదు.

“బోర్డు మీద కొక్కో అని రాశారత్తా,” అన్నాడు తిరుమలరావు.

పద్మిని నోరు తెరిచింది. కాసులమ్మ అడ్డుపడింది.

“ఓస్, అంతేనా! పేరు మార్చీసుంటారు. ఊరి పేరే మార్చీసినోళ్ళకి సెట్టు పేరు మార్చడం ఓ లెక్కా? నిన్నటిదాకా పోర్ట్ బ్లెయిర్ కాదేటి, ఇప్పుడు బోర్డు మీద ఏరే పేరుంది. మన ఇల్లేమైనా కదిలిందా? ఇదీ అలాగే. అది సర్కారోళ్ళు పెట్టుకున్న పేరు. ఇది మన ఉసిరి.”

జనం ఊపిరి పీల్చుకున్నారు. నిజమే కదా అన్నారు. పద్మిని కూడా, దేవుడి సాక్షిగా, ఒక్క నిమిషం ఊపిరి పీల్చుకుంది. ఇంత చక్కటి అబద్ధం తనకే తట్టలేదు. పైగా అది అత్తగారి నోటినుంచి నిజంగా వచ్చింది.

అక్కడితో ఆగుంటే బావుండేది. కాని తిరుమలరావుకి రోషం వచ్చింది. “మనల్ని అడక్కుండా ఎలా మారుస్తారండీ? కుదర్దు. రేపే వినతిపత్రం పెడదాం. పాత పేరే ఉంచమని. ఎనభై సంతకాలు. పైన నిపుణురాలిగా పద్మినమ్మ సంతకం. కావాలంటే ఢిల్లీదాకా పోదాం.”

“రాయండ్రా కాయితం,” అంది కాసులమ్మ. “మొదటి వేలిముద్ర నాదే.”

ఎవరో పెన్ను తీశారు. ఎవరో స్వీట్ల అట్టపెట్టె చింపి కాయితం చేశారు. అత్తగారు బొటనవేలు చాపి, ఇంకు కోసం అటూ ఇటూ చూస్తోంది. పసుపంటిన ఆ వేలు చూసేసరికి పద్మినికి కాళ్ళు ఆగలేదు. వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది.

“వద్దత్తయ్యా. పేరెవరూ మార్చలేదు. ఇది మొదట్నించీ కొక్కోనే. ఆ రోజు మీరు పడిపోయేలా ఉన్నారని నేనే అబద్ధం చెప్పాను.”

స్పీకరులో పాట సాగుతూనే ఉంది. ఎవరో వెళ్ళి దాన్ని ఆపించారు. దాంతో ఇంకా ఇబ్బందిగా అయింది.

కాసులమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. “ఇరవయ్యారేళ్ళు,” అంది. “ఏడాదికి నూటెనిమిది. నన్ను కొక్కో సెట్టు సుట్టూ తిప్పేవా?”

“తిప్పానత్తయ్యా.”

“మరి బాబ్జీకి ఉజ్జోగం ఇచ్చిందెవరే?”

“పోర్టోళ్ళప్పా,” అన్నాడు గోవిందు వెనకనుంచి.

“నువ్వు నోర్ముయ్ ఎదవా. ఎప్పుడూ సెక్కలు కోసినోడివి, ఇది కొక్కో అని నీకు తెల్దూ?”

గోవిందు చటుక్కున మొసలి బోర్డు దిక్కు చూశాడు. అక్కతో అబద్ధమాడే వయసు దాటిపోయినట్టుంది, నిజం చెప్పే ధైర్యం ఇంకా వచ్చినట్టు లేదు.

బాబ్జీ భార్య పక్కకి వచ్చి నిలబడ్డాడు గాని, ఏమనాలో తెలియక బక్కెట్టు అందుకున్నాడు. “మజ్జిగ తేలిగ్గా ఉందేంటి?” అని గుడ్డ తీశాడు. చూసి, మొక్కని కుండీతో సహా బయటికి ఎత్తాడు. అందరూ దాన్ని చూశారు.

“ఇదేటి?” అంది కాసులమ్మ.

“ఉసిరి,” అంది పద్మిని.

కాసులమ్మ ఆమె వంక చూడనైనా చూడలేదు. మెట్ల దగ్గర డ్యూటీలో నిలబడున్న స్వాతిని కేకేసింది. “ఓ పిల్లా! ఇలా రా. నువ్వు సెప్పు. ఇది ఏటి?”

“ఆంవ్లా, నానీ. ఉసిరి. మా నర్సరీదే.”

“బోర్డుందా దీనికి?”

“మొక్కలకి ఉండదు నానీ. ట్రే మీద చీటీ ఉంది.”

“చీటీ ఉందంట,” అంది కాసులమ్మ, అందరికీ వినబడేట్టు. తరవాత చెట్టు చుట్టూ ఒకసారి కళ్ళతోనే తిరిగివచ్చింది. ఎంతసేపు కోపంగా ఉండేదో గాని, అప్పటికే ఒంటిగంటన్నర అయింది. పిల్లలు పులిహోర గుండిగ మూతలు తీసి చూడ్డం మొదలెట్టారు. ఆమెదీ ఉపవాసమే.

“తిరుమలా, ఆ పలుగు ఇలా తే. ఎండ తగిలే సోట తవ్వండి. ఆ ఇనప కంచె దీనికి కట్టండి, జింకలొస్తాయి.”

“మరి రాయత్తా?” అన్నాడు తిరుమలరావు నీరసంగా.

“రాయికేటొచ్చింది? దీని ముందే పెట్టండి.”

“అందులో వృక్షం అని చెక్కించాం కదా...”

“ఎదగదేటి?”

మొక్కని స్వాతి చూపించిన చోట, కొక్కో నీడ అంచున నాటారు. జానెడున్నర మొక్కకి ఐదడుగుల కంచె, ముందు మూడడుగుల నల్లరాయి. పట్టుగుడ్డ తీశాక మొక్క కనబడటం మానేసింది. ‘పవిత్ర ఉసిరి వృక్షమును గుర్తించినవారు’ అన్న అక్షరాల కింద పద్మిని పేరు తళతళలాడింది. బాటనీ బ్రాకెట్లోనే ఉంది. షికారుకొచ్చిన ఒక హిందీ కుటుంబం ఏముందక్కడ అని వంగి వంగి చూసి, ఏమీ కనబడక, రాయి పక్కన నిలబడి ఫొటో దిగి వెళ్ళిపోయింది.

ఉసిరి నీడన తినాలి. ఉసిరి నీడ ఒక చీమకి సరిపోతుంది, అదీ నిలబడితే. ఆ నీడ మీద కాసులమ్మ ఒక తులసాకంత అన్నం పెట్టించి, అది ఉసిరికి నైవేద్యమంది. మిగతా ఎనభైమందీ కంచె చుట్టూ, కొక్కో నీడలో, వరసలు తీరి కూచున్నారు. పులిహోర బావుందన్నారు. పద్మినిని ఎవరూ ఏమీ అనలేదు గాని, ఉసిరికాయ పచ్చడి వడ్డిస్తుంటే మాత్రం ముగ్గురు నలుగురు, “ఇది ఉసిరేనా అమ్మా?” అని అడిగారు. ఐదోవాడు అడిగేసరికి కాసులమ్మే, “తిని సూడు, తెలుస్తుంది,” అని కసిరింది.

చేతులు కడుక్కుంటున్నప్పుడు శిక్ష కూడా ఖరారైంది. ప్రతి ఆదివారం పద్మిని ఫెర్రీ ఎక్కి వచ్చి మొక్కకి నీళ్ళు పొయ్యాలి. కాసులమ్మ కూడా వస్తుంది, పోసిందో లేదో చూడ్డానికి. కూచోవడానికి బెంచీ ఉంది కదా అంది. అది సరిగ్గా కొక్కో కిందే ఉంది.

తిరుగు ఫెర్రీలో అత్తగారు పద్మిని పక్కనే కూచుంది. సగం దూరం వచ్చేశారు. చాతం మిల్లు రేకులు దగ్గరవుతున్నాయి. గోవిందు తెలివిగా ఫెర్రీ ఆ చివరికి పోయి నిలబడ్డాడు.

“పద్మినీ,” అంది కాసులమ్మ.

“చెప్పండత్తయ్యా.”

“మన పెరట్లో ఉన్నది... నేను రోజూ సారులో ఏసేది. అది కరివేపాకేనా?”

“అది మీరు నాటిందేనత్తయ్యా,” అంది పద్మిని. “నేను రాకముందే.”

కాసులమ్మ జెట్టీ తగిలేదాకా దాని గురించే ఆలోచించింది.